అంటు కట్టే మాట

ఇంగ్లీషులో ‘ఇనార్చ్’ అనే క్రియ ఒకటి ఉన్నది. ఆ భాషను ఏళ్ళ తరబడి చదివినవారికి సైతం అది ఒక్కసారి అయినా ఎదురుపడకపోవచ్చు. పత్రికలలో అది కనబడదు. సభలలో వినబడదు. ఉద్యానశాస్త్ర గ్రంథాలలోను, వృక్షశాస్త్ర పాఠాలలోను, పెద్ద నిఘంటువులలోను ఒక మూల ఒదిగి ఉండే మాట అది. కాని ఆ మాట చెప్పే పని మాత్రం మనకు కొత్తది కాదు. నూజివీడు, రెడ్డిగూడెం ప్రాంతాల మామిడితోటలకు మొక్కలను సిద్ధపరచినవారిలో ఆ ఇంగ్లీషు పేరు చెవిని పడకుండానే ఆ పనిలో ఆరితేరినవారు ఎందరో ఉన్నారు. మాట దూరదేశంలో పుట్టినది. పని మన పెరటిలోనే ఉన్నది. ఈ రెంటినీ ఒకచోట చేర్చి చూడడం బడులలో భాష చెప్పేవారికి, నేర్చేవారికి ఉపయోగపడునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

‘ఇనార్చ్’ అంటే ఏమి అని అడిగితే ‘అంటుకట్టు’ అని వెంటనే అర్థం చెప్పవచ్చు. అది తప్పు కాదు. అయితే ‘గ్రాఫ్ట్’ అనే మాటకు కూడా మనం చెప్పే అర్థం అదే గదా! రెంటికీ అర్థం ఒకటే అయితే ఇంగ్లీషువారు రెండు మాటలు ఎందుకు ఉంచుకున్నారని బుద్ధిమంతుడైన విద్యార్థి అడగక మానడు. ఆ ప్రశ్నకు సమాధానం నిఘంటువులో సగమే దొరుకుతుంది. తక్కిన సగం కావాలంటే తోటలోకి వెళ్ళవలసిందే. క్రియ అంటేనే పని. పని తెలియనివారికి క్రియ తెలిసిందనుకోవడం భ్రమ.

తల్లిచెట్టు నీడన

మామిడిపండు తిని టెంక పాతిపెడితే మొక్క మొలుస్తుంది. కాని తల్లి రుచి రాదు. మామిడిలో ఒక చెట్టు పుప్పొడి మరొక చెట్టు పూవుకు చేరడం ఎక్కువ. కనుక టెంకలో ఉన్న బిడ్డ తల్లిని పోలకపోవచ్చు. చిన్న రసం టెంక చిన్న రసాన్నే ఇస్తుందన్న నమ్మకం లేదు. బంగినపల్లి టెంక నుంచి వచ్చిన చెట్టు బంగినపల్లి కాయలే కాయాలన్న నియమమూ లేదు. రసాలు, బంగినపల్లి, సువర్ణరేఖ, మన కోస్తాలో కలెక్టరు కాయ అని పిలిచే తోతాపురి మొదలైన జాతులన్నీ తమ తమ గుణాలు చెడకుండా ఇంతకాలం నిలిచినవంటే దానికి కారణం టెంక కాదు, అంటు.

అంటులలో ఒక విధానం ఇట్లా ఉంటుంది. నాటు మామిడి టెంకలు నాటి మొక్కలు పెంచుతారు. ఏడాది వయస్సు వచ్చి, కాండం పెన్సిలు లావున అయిన తరువాత ఆ మొక్కను కుండీతో సహా మేలుజాతి తల్లిచెట్టు దగ్గరకు తీసుకుపోతారు. కొమ్మ ఎత్తుగా ఉంటే కర్రలతో మంచె వేసి కుండీని దానిమీద నిలబెడతారు. తల్లిచెట్టున అదే లావుగల కొమ్మను ఎంచి, కొద్దిగా వంచి, మొక్క పక్కకు తెస్తారు. కుండీలోని మొక్క కాండం మీద ఒక పక్క సుమారు రెండంగుళాల పొడవున బెరడును, దానితోపాటు పలుచగా కొయ్యను చెక్కివేస్తారు. కొమ్మమీద కూడా సరిగా అంతే గాయం చేస్తారు. రెండు గాయాలనూ ముఖాముఖి చేర్చి, గాలి చొరకుండా నారతో బిగించి కట్టి, బంకమట్టి పేడ కలిపిన ముద్దతో మెత్తుతారు. ఇది వానకాలంలో చేసే పని. గాలిలో తేమ ఉంటే గాయం ఎండదు. చెట్టులో జీవరసం చురుకుగా నడుస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. కొమ్మ ఇంకా తల్లిచెట్టు మీదనే ఉన్నది. దానికి నీరూ ఆహారమూ తల్లి నుంచే వస్తున్నవి. కుండీలోని మొక్క తన వేళ్ళమీద తాను నిలిచి ఉన్నది. రెండూ బ్రతికి ఉండగానే, రెండూ తమ తమ ఆధారాలు వదలకుండానే, పక్కపక్కన కలుస్తున్నవి. రెండు మూడు నెలలకు గాయాలు పూడి ఒకటవుతవి. అప్పుడు కట్టుకు దిగువగా తల్లిచెట్టు వైపు కొమ్మను కోస్తారు. దానిని కూడా ఒక్క వ్రేటుతో కోయరు. మొదట సగం లోతు గాటు పెడతారు. కొన్నాళ్ళు ఆగి, కొమ్మ వాడలేదని రూఢి చేసుకుని, తక్కిన సగం కోస్తారు. కట్టుకు ఎగువన ఉన్న నాటు మొక్క తలను కూడా అట్లే తొలగిస్తారు. ఇక మిగిలినది నాటు వేళ్ళమీద నిలిచిన మేలుజాతి కొమ్మ. వేళ్ళు ఒకరివి, పండు మరొకరిది; బ్రతుకు మాత్రం ఒకటి.

ఇంగ్లీషువారు ‘ఇనార్చ్’ అనేది ఈ పనినే. ‘గ్రాఫ్ట్’ అనేది అన్ని అంటులకూ చెల్లే పెద్ద మాట. సాధారణంగా అంటులో కొమ్మను ముందే తల్లి నుంచి కోసి తెచ్చి మరొక మొక్కకు అతుకుతారు. ఇనార్చ్‌లో ముందు కలుపుతారు, తరువాత కోస్తారు. రెండు మాటలకూ ఉన్న భేదమంతా ఈ ముందు వెనుకలలోనే ఉన్నది.

కారకాలతో చూస్తే

మన వ్యాకరణం చదివినవారికి ఈ భేదాన్ని చూపడం సులభం. ఏ క్రియనైనా తెలుసుకోవాలంటే దాని కారకాలను వెదకాలని మన పూర్వులు నేర్పినారు. ఇనార్చ్ అనే క్రియకు కర్త తోటమాలి. కర్మ మేలుజాతి కొమ్మ. కరణం కత్తి. అధికరణం కుండీలోని మొక్క. ఇక అపాదానం ఏది? ఏదైనా ఒకదాని నుంచి విడిపోయేటప్పుడు, విడిపోయినది దేని నుంచి విడిపోతున్నదో అది అపాదానం. ఇక్కడ అది తల్లిచెట్టు. కోసి తెచ్చి కట్టే అంటులో అపాదానం పనికి మొదట వస్తుంది. ఇనార్చ్‌లో పనికి చివర వస్తుంది. ఒక్క కారకం స్థానం మారినందువల్ల క్రియ మారిపోయినది, దానితో మాటా మారినది. నిఘంటువులోని పర్యాయపదం ఈ సంగతి చెప్పజాలదు.

వాడుకలో ఈ క్రియ సకర్మకం. తోటమాలి ఒక కొమ్మను ఒక మొక్కపై ఇనార్చ్ చేస్తాడు. అయితే పుస్తకాలలో ఈ ధాతువు క్రియాపదంగా కనబడడం తక్కువ. ‘ఇనార్చింగ్’ అని నామవాచకంగాను, ‘ఇనార్చ్‌డ్’ అని విశేషణంగాను ఎక్కువగా ఉంటుంది. మన దేశపు ఉద్యానగ్రంథాలలో మామిడిని గురించి వ్రాసిన చోటనే దీనిని తరచుగా చూస్తాము. మామిడి, సపోటా వంటి చెట్లకు ఈ పద్ధతి చాలాకాలం ప్రధానంగా ఉండడమే దానికి కారణం.

అమెరికా గ్రంథకర్తలు కొందరు ఈ మాటకు మరొక అర్థం కేటాయించినారు. రెండు మొక్కలను పక్కపక్కన చేర్చి కలపడాన్ని వారు ‘అప్రోచ్ గ్రాఫ్టింగ్’ అంటారు. అంటే చేరువచేసి కట్టే అంటు. ఇనార్చ్ అనే మాటను మాత్రం ముసలిచెట్టును కాపాడే పనికి ఉంచినారు. వేళ్ళు పుచ్చిపోయిన పెద్దచెట్టు చుట్టూ లేత మొక్కలు నాటి, వాటి తలలను చెట్టు మానులోనికి అతుకుతారు. ఆ లేత వేళ్ళ ద్వారా ముసలిచెట్టు మళ్ళీ ఆహారం తీసుకుంటుంది. మన గ్రంథాలలో ఇనార్చ్ బిడ్డను తల్లి నుంచి వేరుచేసి నిలబెట్టే పని. వారి గ్రంథాలలో పిల్లలచేత పెద్దను బ్రతికించే పని. చదివే పుస్తకం ఏ దేశానిదో చూసుకోకపోతే అర్థం తారుమారు కాగలదు. రెండు చోట్లా మారనిది ఒక్కటే: కలిసే రెండూ తమ తమ వేళ్ళమీదనే ఉండి కలవడం.

విల్లు, కలము, కన్ను

ఇక మాట పుట్టుక చూద్దాము. ‘ఇన్’ అంటే లోనికి. ‘ఆర్చ్’ అంటే వంపు. కొమ్మను వంపు తిప్పి మరొక మొక్కలోనికి చేర్చడం కనుక ఇనార్చ్ అయినది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో తోటపని గ్రంథాలు వ్రాసినవారి చేతిలో ఈ మాట ప్రచారానికి వచ్చినది. ఇందులోని ఆర్చ్‌కు మూలం లాటిన్‌లో విల్లు అనే అర్థమిచ్చే ‘ఆర్కుస్’. ఊరి మొదట, గుడి ఎదుట కట్టే ద్వారాన్ని మనం ‘ఆర్చి’ అంటున్నాము గదా, అదీ ఈ మాటే. విద్యార్థులు ‘మోనార్క్’ వంటి మాటలలోని చివరి భాగంతో దీనిని కలిపి చూడకూడదు. అది గ్రీకు నుంచి వచ్చినది, పరిపాలించడమని దాని అర్థం. ఇంగ్లీషులో వ్రాత ఒకటే అయినా ఉచ్చారణ వేరు, వంశం వేరు.

విల్లు నుంచి వంపుకు పేరు రావడం లాటిన్‌కే ప్రత్యేకమా? కాదు. వంపు ద్వారాన్ని మనవారు ‘కమాను’ అన్నారు. అది పారసీకం నుంచి వచ్చినది. అక్కడ దాని అర్థం విల్లు. గణితం చెప్పే ఉపాధ్యాయులు వృత్తంలోని ఒక ఖండాన్ని ‘చాపం’ అంటారు. సంస్కృతంలో చాపమన్నా విల్లే. మూడు దేశాలవారు ఒకరినొకరు అడగకుండానే ఒకే వస్తువును చూసి ఒకే పోలిక తెచ్చుకున్నారు. లెక్కల తరగతిలోని చాపమూ, ఊరి మొగలోని ఆర్చీ, మామిడికొమ్మ వంపూ ఒక్క వింటి నుంచి పుట్టినవే అని చెబితే పిల్లలు ఆ మాటలను మరచిపోరు.

‘గ్రాఫ్ట్’ పుట్టుక భాషాభిమానులకు ఇంకా ఇంపుగా ఉంటుంది. దాని మూలం గ్రీకులో వ్రాత సాధనానికి, అంటే గంటానికి, ఉన్న పేరు. కొన వాడిగా చెక్కిన అంటుకొమ్మ గంటంవలె ఉండడం చూసి ఆ పేరు పెట్టినారు. వ్రాయడమని అర్థమిచ్చే ఆ గ్రీకు ధాతువు నుంచే టెలిగ్రాఫు, ఫోటోగ్రాఫు వంటి మాటలలోని ‘గ్రాఫు’ కూడా వచ్చినది. తోటమాలి చేతి కొమ్మా, కవి చేతి గంటమూ ఒక ఇంటి పేరు గలవన్నమాట.

అట్టిదే ‘ఇనాక్యులేట్’. ఈనాడు ఆ మాట వింటే టీకా గుర్తుకు వస్తుంది. కాని మొదట అది తోటమాలుల మాట. లాటిన్‌లో ‘ఆక్యులుస్’ అంటే కన్ను. మొగ్గకు కూడా అదే పేరు. ఒక చెట్టు మొగ్గను మరొక చెట్టు బెరడులో నాటడం ఇనాక్యులేట్ చేయడం. 18వ శతాబ్దంలో మశూచి సోకకుండా చర్మంలో గాటుపెట్టి మందు చొప్పించే పద్ధతి వచ్చినప్పుడు, ఆ గాటూ ఈ గాటూ ఒకటే పోలికగా ఉన్నవని ఆ పేరు వైద్యులు తీసుకున్నారు. మొగ్గను కన్ను అనడం మనకూ తెలుసును. చెరకు నాటే రైతు మూడు కళ్ళ ముచ్చెలు కోసి నాటుతాడు. ఆ కన్నే లాటిన్‌వారి కన్ను. రైతు భాష ఏ దేశంలోనైనా కంటితో చూసి పుట్టిన భాషే.

అంటు అనే మన మాట

ఇంతసేపూ పరాయి మాటను తరచినాము. మన మాటను కూడా అంత శ్రద్ధగా చూడడం న్యాయం. ‘అంటు’ అచ్చమైన ద్రావిడ పదం. కన్నడంలో అంటు అంటే జిగురు, అంటుకోవడం. తమిళంలో ‘అణ్డు’ అంటే చేరువ కావడం. తెలుగులో తాకడం, పట్టుకుని ఉండడం. చేరువ కావడం, తాకడం, అతుక్కోవడం — ఇవి ఒకదాని వెంట ఒకటి జరిగే మూడు మెట్లు. అంటుకట్టే పనిలో జరిగేది కూడా సరిగా ఈ మూడే. అమెరికా గ్రంథకర్తలు ‘అప్రోచ్’ అని పేరు పెట్టిన చేరువతనం మన మాట అన్నదమ్ములలో ముందే ఉన్నది.

ఈ చిన్న ధాతువు సంసారం చాలా పెద్దది. దీపం అంటిస్తాము. కాగితం అంటిస్తాము. పండుగనాడు తలంటు పోసుకుంటాము. ధరలు ఆకాశాన్నంటినవని వాపోతాము. తిన్న గిన్నెలు అంట్లు అవుతవి. పనికిరాని సరుకును ఒకరికి అంటగడతారు. ఇష్టం లేనివారు అంటీముట్టనట్టు ఉంటారు. మల్లె కొమ్మను వంచి మట్టిలో పూడ్చడం అంటు తొక్కడం. అది నేల అంటు. కొమ్మ చుట్టూ బెరడు తీసి అక్కడనే నాచు చుట్టి కట్టి వేళ్ళు పుట్టించడం గాలి అంటు. ఒకరి నుంచి మరొకరికి వచ్చే రోగం అంటువ్యాధి. ఇంగ్లీషులో దీనిని ‘కంటేజియన్’ అంటారు. ఆ మాటకు మూలమైన లాటిన్ ధాతువు అర్థం కూడా తాకడమే. ‘కాంటాక్ట్’ దాని తోబుట్టువు. ఇక్కడ కూడా రెండు భాషలు ఒకే చూపు చూసినవి.

కాని ఈ సంసారంలో ఒక మాట దగ్గర ఆగి తలవంచుకోవలసి వస్తున్నది. అది ‘అంటరాని’ అనే మాట. తోటలో మేలుకు కారణమైన ధాతువే ఊరిలో మనిషిని మనిషి నుంచి వెలివేసే మాటకు కూడా ఆధారమైనది. భాషను చదివేవాడు ఈ సంగతిని దాటవేయకూడదు. అంటడమనే పనిలో ఎప్పుడూ ఇద్దరుంటారు. ఒకరు అంటకుండా మరొకరు అంటబడరు. అట్లాంటప్పుడు ఇద్దరి నడుమ జరిగే పని తాలూకు దోషాన్ని ఒక్కరికే విశేషణం చేసి అంటగట్టడం ఏమి వ్యాకరణం? ‘అంటరానివాడు’ అన్న మాటలో అంటరాదన్న కర్త దాక్కున్నాడు. ఎవరు అంటరాదు, ఎవరు ఆ నియమం చేసినారు అన్నది ఆ మాట చెప్పదు. కర్తను దాచిన ఆ మాట ఎన్నో తరాలు ఊరిని ఏలినది.

1941లో వెలువడిన ‘గబ్బిలం’ కావ్యంలో జాషువా కవి తన నాయకుని మొరను కాశీలోని శివునికి చేర్చడానికి ఒక గబ్బిలాన్ని దూతగా ఎన్నుకున్నాడు. మనిషికి అడ్డమైన గుడి తలుపు గబ్బిలానికి అడ్డం కాదు గదా! 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దుచేసినది. 1955లో దానిని నేరంగా శిక్షించే చట్టం వచ్చినది. 1976లో ఆ చట్టాన్ని సవరించి పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మార్చినారు. పేరులో నిషేధం పోయి హక్కు వచ్చినది. మాట మారినంత వేగంగా మనసు మారదు. కాని మాటను మార్చడం కూడా పనిలో ఒక భాగమే. 2020లో కరోనా వ్యాపించినప్పుడు మొదట అందరూ ‘సామాజిక దూరం’ అన్నారు. ఆ మాట పాతగాయాన్ని రేపుతున్నదని, ‘భౌతిక దూరం’ అనడమే సరి అని పలువురు చెప్పినారు. అంటువ్యాధి వేళ కూడా మనకు మాటను తూచవలసి వచ్చినదంటే అంటు అనే ధాతువు మన చరిత్రలో ఎంత లోతున నాటుకున్నదో ఊహించవచ్చు.

అంటుకట్టే తోటమాలి ఇందుకు ఒక మంచి పాఠం చెబుతాడు. అతడు మేలుజాతి కొమ్మను ఒక్కదానినే చెక్కడు. నాటు మొక్కను ఒక్కదానినే చెక్కడు. రెంటికీ సమానమైన గాయం చేస్తాడు. ఒక వైపు బెరడు చెక్కుచెదరకుండా ఉంచి రెండవ వైపు మాత్రమే కోసి కడితే ఆ అంటు పట్టదు. తమ పక్కన ఏమీ వదులుకోకుండా ఎదుటివారినే మారమనేవారు ఈ పని ఒకసారి చూడవలసి ఉన్నది.

బడికి ఈ మాట చెప్పేది

ఇంతకూ బడికి ఈ అరుదైన క్రియతో పని ఏమి? పరీక్షలో రాని మాట, వాడుకలో లేని మాట, దాని కోసం ఇంత శ్రమ ఎందుకని కొందరనవచ్చు. నా మనవి ఏమంటే, ఈ మాట కాదు ముఖ్యం, మాటను నేర్చే తీరు ముఖ్యం. మన పిల్లలు శాస్త్రపు మాటలను పర్యాయపదాల పట్టికలుగా కంఠస్థం చేస్తున్నారు. ఎడమ వైపు ఇంగ్లీషు మాట, కుడి వైపు తెలుగు మాట. నడుమ ఒక గీత. ఆ గీతకు ఇటూ అటూ ఏ పనీ జరగదు. పరీక్ష దాటగానే రెండూ రాలిపోతవి.

1968లో స్థాపించిన తెలుగు అకాడమి శాస్త్రగ్రంథాలను తెలుగులో వెలువరించి గొప్ప సేవ చేసినది. అంతకు ముందే 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటాన్ని ప్రకటించినది. అది వ్యవసాయ పదాల కోశం. పండితుల గ్రంథాలనుంచి కాక, రైతుల నోట విని కూర్చిన పదాలు అందులో ఉన్నవి. ప్రతి పదం వెనుక ఒక పనిముట్టో, ఒక పనో ఉన్నది. శాస్త్రపు మాటకు తెలుగు కావలసినప్పుడు ముందు అటువంటి కోశం విప్పాలి. ఆ తరువాత తోటకు వెళ్ళాలి. అప్పటికీ దొరకకపోతే కొత్తమాట కల్పించాలి. ఈ వరుసను తలక్రిందులు చేసినందువల్లనే పలుకలేని మాటలు కొన్ని మన పాఠ్యపుస్తకాలలో చేరినవి.

ఇనార్చ్‌కు తెలుగు చెప్పవలసి వస్తే ‘చేరువంటు’ అనవచ్చునని నాకు తోచుచున్నది. ‘చేరువంటు కట్టు’ అని క్రియగా వాడవచ్చు. ఇందులో తమిళ సోదరుని చేరువ ఉన్నది, మన అంటు ఉన్నది, పిల్లవాడి నోటికి కష్టం లేదు. ఇంతకంటె మంచి మాట రెడ్డిగూడెం తోటమాలి నోట ఉంటే దానినే తీసుకోవాలి. నా మాట వెనుకకు పోవడానికి నాకు అభ్యంతరం లేదు.

రెండవ భాష నేర్పడంలో కూడా ఈ క్రియ మనకు దారి చూపుతున్నది. ఇంటిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు అయిన పిల్లవానిని తలచుకొనండి. అతనికి ఆలోచన అంతా తల్లిభాష నుంచే వస్తున్నది. ఆ భాషను మొదటనే కోసివేసి కొత్తభాషకు కట్టితే కొమ్మ ఎండిపోవచ్చు. రెండు భాషలనూ పక్కపక్కన నిలిపి, ఈ మాటకు ఆ మాటను, ఈ వాక్యానికి ఆ వాక్యాన్ని ఒరిపించి, కలిసేదాకా కట్టు విప్పకుండా ఉండడం చేరువంటు పద్ధతి. విల్లు–చాపం–ఆర్చి అని చెప్పేటప్పుడు ఉపాధ్యాయుడు చేసేది ఈ పనే. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెతను మనం పిల్లలను దండించడానికి వాడుతున్నాము. తోటమాలి కొమ్మను వంచేది దండించడానికి కాదు, మరొకదానితో కలపడానికి. విరిగేటంతగా వంచితే కలపడానికి ఏమీ మిగలదు.

ఉపమానాన్ని మరీ లాగకూడదు. తోటలో చివరకు కొమ్మను తల్లి నుంచి కోయక తప్పదు. భాషలో ఆ కోత అవసరం లేదు. తల్లిచెట్టు మీద ఉంటూనే రెండవ వేళ్ళ నుంచి కూడా ఆహారం తీసుకోవడం మనిషికి సాధ్యం. చెట్టుకు లేని సౌకర్యం మనకు ఉన్నప్పుడు దానిని వదులుకోవడం అవివేకం.

పోనున్న మాట, పోనున్న పని

ఈ పద్ధతి ప్రాచీనమైనది. క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలోనే రోము దేశపు కేటో తన వ్యవసాయ గ్రంథంలో పక్కపక్క ద్రాక్షతీగెలను చెక్కి కలిపి కట్టే విధానం వివరించినాడు. మన దేశంలో 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద ప్రకరణంలో పనస, నేరేడు, దానిమ్మ వంటి చెట్ల కొమ్మలకు పేడ పూసి మరొక చెట్టు మొదటనో మానుమీదనో నాటే పద్ధతి చెప్పినాడు. మామిడికి అంటుకట్టడం పశ్చిమ తీరంలో పోర్చుగీసువారి కాలంలో బాగా వ్యాపించినదని చరిత్రకారులు చెబుతారు.

ఇంత పురాతనమైన చేరువంటు ఇప్పుడు తగ్గిపోతున్నది. కుండీలు మోయాలి, మంచెలు కట్టాలి, నెలల తరబడి నీరు పోయాలి. ఒక్క తల్లిచెట్టు నుంచి దొరికే అంటులు కొద్ది. బెరడుపక్కన అతికే వెనీర్ అంటు, లేతకొమ్మ అంటు, టెంక అంటు వచ్చిన తరువాత తక్కువ శ్రమతో ఎక్కువ మొక్కలు వస్తున్నవి. రైతుకు లాభమైనప్పుడు పాతపద్ధతి పోవడాన్ని తప్పు పట్టనక్కరలేదు. కాని పనితోపాటు దానిని అంటిపెట్టుకున్న మాటలు కూడా పోతవి. కట్టుకు, గాటుకు, మట్టిముద్దకు, మంచెకు, పట్టిన అంటుకు, పట్టని అంటుకు పనివారు వాడే మాటలన్నీ ఏ పుస్తకానికి ఎక్కినవి?

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో రెడ్డిగూడెం ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది, నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్ళినది. తోటలు ఉన్నచోటనే ఉన్నవి; ‘నూజివీడు రసం’ పేరూ ఉన్నది. 2017లో బంగినపల్లి మామిడికి భౌగోళిక గుర్తింపు లభించినది. పండు పేరును కాపాడుకునే చట్టం మనకు ఉన్నది. ఆ పండును తరతరాలు నిలిపిన పని తాలూకు మాటలను కాపాడే చట్టం ఏదీ లేదు. ఆ పనికి బడి ఒక్కటే ఉన్నది.

కనుక ఉపాధ్యాయులకు ఒక మనవి. వానకాలంలో ఒక్క దినం పిల్లలను దగ్గరి నర్సరీకి తీసుకుపొండి. పలకలో పెన్సిలో పట్టించి, అంటుకట్టే వృద్ధులు చెప్పిన ప్రతి మాటనూ చెప్పినట్టే వ్రాయించండి. ఎవరు, దేనిని, దేనితో, దేనిపైన, దేని నుంచి అని కారకాలు అడిగించండి. తిరిగి వచ్చిన తరువాత ఇంగ్లీషు పుస్తకం తెరచి ఆ మాట చూపండి. అప్పుడు ‘ఇనార్చ్’ వారికి పరాయి మాటగా ఉండదు. ‘అంటు’ వట్టి పాతమాటగానూ ఉండదు. రెండు మాటలూ పిల్లవాని మనసులో ఒకదాని పక్కన ఒకటి నిలిచి, పట్టవలసిన సమయంలో పడతవి.